ఐర్లండ్ చర్చి రిజిస్టర్లలో పూర్వీకుణ్ని వెతికినవాళ్లు ఉన్నారా?

మా అత్తగారిది సికింద్రాబాద్ ఆంగ్లో-ఇండియన్ కుటుంబం. ఆవిడ ముత్తాత 1858 ప్రాంతంలో కార్క్ కౌంటీలో పుట్టిన క్యాథలిక్, బ్రిటిష్ సైన్యంలో చేరి ఇక్కడికొచ్చాడు. ఇంటిపేరు మర్ఫీ, అదే అసలు టెన్షన్! అక్కడ ఎటు చూసినా మర్ఫీలే.

ఐర్లండ్‌లో అందరి జననాలనూ ప్రభుత్వం నమోదు చేయడం 1864లోనే మొదలైంది. కాబట్టి బాప్తిస్మ రిజిస్టర్లే దిక్కు. వాటి ఫొటోలు ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ సైట్లో ఉచితంగానే ఉన్నాయి కానీ, ముందు ఏ పారిషో (ఏ చర్చి పరిధిలోని ప్రాంతమో) తెలియాలి. పైగా చాలా పేర్లు లాటిన్‌లో, కోడి గెలికినట్టున్న రాతలో ఉన్నాయి.

ఆయన పెళ్లి రికార్డులో తండ్రి పేరుంది, సొంతూరు లేదు. సైన్యం డిశ్చార్జి కాగితాల్లో పుట్టిన పారిష్ రాసేవారట. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో వాటిని రెజిమెంట్ పేరు తెలియకుండా వెతకొచ్చా? లేదా గ్రిఫిత్స్ వాల్యుయేషన్‌లో (19వ శతాబ్దం మధ్యలో ఐర్లండ్ ఇళ్లు, భూములపై పన్ను కోసం ఊరివారీగా పేర్లతో తయారు చేసిన జాబితా) తండ్రి పేరు పట్టుకుని ఊళ్లు వడపోయడమే నయమా?