నేలకు దగ్గరగా చిన్న విమానాల విన్యాసాలు: అసలు ప్రమాదం ఎక్కడుంది?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ నుంచి):
నేవీ డే నాడు ఆర్.కె. బీచ్‌లో విన్యాసాలు చూసినప్పటి నుంచి మా అబ్బాయికి అదే ధ్యాస. విదేశాల్లో సొంత విమానాలున్నవారు నేలకు దగ్గరగా పల్టీలు కొట్టించే వీడియోలు చూపించి, ఇందులో తప్పేముందని అడుగుతున్నాడు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (గాజువాక నుంచి):
చాలామంది వేగాన్ని చూసి భయపడతారు గానీ, నా దృష్టిలో మలుపే ఎక్కువ ప్రమాదకరమండీ. ఎత్తు కోల్పోకుండా 60 డిగ్రీలు వాలి తిరిగేటప్పుడు రెక్కలపై భారం రెట్టింపవుతుంది కనుక, మామూలుగా 50 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక సముద్ర మైలు వేగం) వద్ద స్టాల్ అయ్యే, అంటే రెక్కలు విమానాన్ని మోయలేని స్థితికి చేరే విమానం అప్పుడు సుమారు 71 నాట్ల వద్దే స్టాల్ అవుతుంది. ఇంజిన్ చక్కగా పనిచేస్తున్నా రెక్కలపై గాలి ప్రవాహం చెదిరిపోతుంది. తేరుకోవడానికి ముక్కు దించి వేగం పుంజుకోవాలి. మూడు వందల అడుగుల్లో అందుకు చోటు చాలకపోవచ్చు.

జవాబు (భీమిలి నుంచి):
అందుకే అమెరికాలో సాధారణంగా 1,500 అడుగుల దిగువన గానీ, జనం గుమిగూడిన చోట గానీ విన్యాసాలు చేయకూడదు. ఎంతో సాధన చేసిన నేవీ విన్యాసాల బృందం సాగర్ పవన్ విమానమే 2010 మార్చి 3న హైదరాబాద్ బేగంపేటలో ప్రదర్శన సమయంలో కూలి, అందులోని ఇద్దరూ మరణించారు. పైగా మన తీరంలో మసక కమ్మిన రోజున నీరు, ఆకాశం కలిసిపోయి, ఎంత ఎత్తులో ఉన్నామో కంటికి అందదు.

ప్రశ్నించినవారు:
సెస్నా 172 అనే చిన్న విమానంతో పల్టీ కొట్టవచ్చా అని కూడా అడుగుతున్నాడు.

జవాబు (గాజువాక నుంచి):
కూడదండీ. ఆ విమానానికి అటువంటి విన్యాసాల అనుమతి లేదు.