తార రిషభం (పై స్థాయి రి) దగ్గర గొంతు చీలుతోంది, శ్రుతి తగ్గించాలా?

అడయార్_అభ్యాసి:
కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. మగ గొంతు, 2 శ్రుతి (అంటే షడ్జం D మీద). తార షడ్జం దాకా నిండుగా పలుకుతుంది. రిషభానికి చీలి సన్నబడుతుంది, గాంధారం ఇక దొంగగొంతే (గాలి కలిసిన సన్నని గొంతు). గురువుగారేమో పూర్తి గొంతుతో పట్టమంటారు. అలా పట్టిన మర్నాడు గొంతు బొంగురుపోతోంది. పగలంతా ఆఫీసు కాల్స్ కూడా ఉంటాయి. 1 శ్రుతికి దిగితే సరిపోతుందా?

శ్రుతిపెట్టె:
దిగితే చీలిక పోదండీ, ఒక స్వరం పైకి జరుగుతుందంతే. 2 శ్రుతిలో తార చతుశ్శ్రుతి రిషభం (షడ్జానికి రెండు మెట్లు పైనున్న రి) సుమారు 330 హెర్ట్జ్. 1 శ్రుతిలో (షడ్జం C మీద) అదే ఎత్తున అంతర గాంధారం (నాలుగు మెట్లు పైనున్న గ) ఉంటుంది. చాలామంది మగవాళ్లకు గొంతు మారే చోటు ఆ చుట్టుపక్కలే.

కింది స్వరాల్లో థైరోఅరిటినాయిడ్ కండరం స్వరతంత్రులను మందంగా ఉంచుతుంది. పైకి పోయేకొద్దీ క్రికోథైరాయిడ్ కండరం వాటిని సాగదీసి పల్చన చేయాలి. మీరు బలం పెంచుకుంటూ పోతే ఆ మందం తగ్గదు, స్వరపేటిక పైకి లేస్తుంది, చివరికి పట్టు ఒక్కసారిగా జారిపోతుంది.

పైనుంచి కిందికి సాధన చేయండి. తార పంచమంలో సన్నగా "ఊ" అందుకుని షడ్జం దాకా జారండి. గొంతు సగం బలానికి మించకూడదు. అది కుదిరాక ప మ గ రి స ఒక్కొక్కటీ గమకం (స్వరాన్ని ఊపడం) లేకుండా నిలపండి. రిషభం మీద "ఊ"ను "ఓ"గా, ఆపైన అకారంగా తెరవండి. కంఠమణి (గొంతు ముందు పొడుచుకొచ్చే చోటు) మీద వేలు ఆనించుకోండి. మింగేటప్పుడు లేచినట్టు లేస్తే ఆపేయండి. రోజుకు 10 నిమిషాలు చాలు.

మల్లేశ్వరం_శ్రోత:
గురువుగారి మాట కొట్టిపారేయకండి. దొంగగొంతు వేరు, పల్చబడిన గొంతు వేరు. మొదటిదానిలో తంత్రులు సరిగా మూసుకోక గాలి కలిసి వినిపిస్తుంది. తేల్చుకోవడం తేలిక: రిషభాన్ని చిన్నగా ఎత్తుకుని, పెంచి, మళ్లీ తగ్గించండి. ఎక్కడా చీలకపోతే అది నిలబడే గొంతే, కచేరీకి పనికొస్తుంది. 5 శ్రుతిలో పాడే ఆడవాళ్లకు ఇదే ఇబ్బంది మధ్యస్థాయి ధైవత నిషాదాల దగ్గర వస్తుంది, అక్కడా ఇదే సాధన.

స్వరపేటిక:
ఆ కాల్స్ సంగతి కూడా చూసుకోండి. హెడ్‌సెట్‌తో చెవులు మూసుకుంటే తెలియకుండానే గొంతు పెంచుతాం; ఒక చెవి తెరిచి ఉంచండి. వాక్యం చివర ఊపిరి అయిపోయి మాట గరగరమంటుంటే వాక్యాలు చిన్నవి చేయండి. మధ్యలో వీలైనప్పుడు సగం నీళ్లున్న సీసాలో స్ట్రా 2–3 సెంటీమీటర్లు ముంచి, "ఊ" అంటూ 2 నిమిషాలు బుడగలు ఊదండి. బొంగురు 3 వారాలు దాటితే మాత్రం సాధన ఆపి ఈఎన్‌టీ దగ్గర స్ట్రోబోస్కోపీ (తంత్రుల కదలికను చూసే పరీక్ష) చేయించుకోండి, తంత్రుల మీద నాడ్యూల్స్ (చిన్న గడ్డలు) ఉన్నాయేమో అందులో తెలుస్తుంది.