ఫిజిక్స్‌లో శాఖలు అసలు ఎన్ని? ఏది ముందు చదవాలి?

ప్రశ్న:
సైన్స్ వదిలేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఫిజిక్స్ మళ్లీ మొదటి నుంచి చదువుదామని కూర్చున్నాను. ఒక పుస్తకం శాఖలు రెండే అంటుంది, ఇంకోటి పదిహేను దాకా లెక్క చెబుతుంది. ఏది నమ్మాలి? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పేజీలు తిప్పుతూనే ఉన్నాను.

మొదటి జవాబు:
రెండూ నిజమేనండి. రెండే అన్నవాళ్లు 1900 దగ్గర గీత గీశారు. వేడెక్కిన వస్తువు వెలువరించే కాంతిని వివరించడానికి, శక్తి ధారగా కాక చిన్న చిన్న పొట్లాలుగా వస్తుందని మాక్స్ ప్లాంక్ అనుకోవాల్సి వచ్చిన ఏడాది అది. అంతకుముందుది సంప్రదాయ భౌతికశాస్త్రం, తర్వాతిది ఆధునికం. పదిహేను అన్నవాళ్లు ధ్వని, కాంతి, కేంద్రకం అంటూ చదివే విషయాన్ని బట్టి విడగొట్టారు.

పేర్లు పక్కనపెట్టి మూడు ప్రశ్నలు వేసుకోండి: వస్తువు ఎంత పెద్దది, ఎంత వేగంగా పోతోంది, ఎన్ని ఉన్నాయి? బంతికైనా గ్రహానికైనా 1687లో న్యూటన్ ప్రచురించిన సూత్రాలు దాదాపు సరిపోతాయి. అది మెకానిక్స్. పరమాణువంత చిన్నదైతే క్వాంటం మెకానిక్స్. వేగం కాంతి వేగం, అంటే సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల, దరిదాపులకు వెళ్తే ఐన్‌స్టీన్ చెప్పిన సాపేక్షత. గ్లాసుడు నీళ్లలోని అణువులను ఒక్కొక్కటిగా వెంటాడలేం కదా, అక్కడ ఉష్ణోగ్రత, పీడనం లెక్కలతో నడిచే థర్మోడైనమిక్స్.

ఈ ప్రశ్నలకు లొంగనిది విద్యుదయస్కాంతత్వం. నాకిష్టమైన శాఖ, కాస్త ఎక్కువ రాస్తే ఏమనుకోకండి. తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో అయర్‌స్టెడ్ గమనించాడు. తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిలిస్తే కరెంటు పుడుతుందని 1831లో ఫారడే చూపించాడు. 1860లలో మాక్స్‌వెల్ ఈ రెంటినీ సమీకరణాల్లో పెట్టేసరికి ఒక తరంగం, దాని వేగం బయటపడ్డాయి. చూస్తే అది కాంతి వేగమే! అప్పటిదాకా విడిగా ఉన్న కాంతిశాస్త్రం వచ్చి ఈ గూట్లోనే చేరింది.

రెండో జవాబు:
ఒక్క సవరణ. సాపేక్షత వేగానికే పరిమితం కాదు, గురుత్వాకర్షణ కూడా అందులోకే వస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాల వేగం సెకనుకు 4 కిలోమీటర్ల లోపే. అయినా వేగం వల్ల వాటి గడియారాలు రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి, ఎత్తులో గురుత్వం తగ్గడం వల్ల 45 దాకా ముందుకు పోతాయి. ఆ తేడా సరిచేయకపోతే మ్యాప్ చూపించే చోటు కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. మరి నక్షత్రాల సంగతి చెప్పే ఆస్ట్రోఫిజిక్స్ ఎందులోకి వస్తుంది?

రెండో జవాబు ఇచ్చినవారు:
అది చాలావరకు అరువు సరుకు మీద నడిచే శాఖ. సూర్యుడి నడిబొడ్డున హైడ్రోజన్ హీలియంగా మారడం కేంద్రక భౌతికశాస్త్రం. ఒకదాన్నొకటి నెట్టుకునే ప్రోటాన్లు (హైడ్రోజన్ కేంద్రకాలు) అసలు దగ్గరకు ఎలా చేరాయంటే క్వాంటం చెప్పాలి. సూర్యుడు తన బరువుకే కుప్పకూలకపోవడం లోపలి పీడనం చలవ, అది థర్మోడైనమిక్స్. భూభౌతిక, జీవభౌతిక శాస్త్రాలదీ ఇదే తీరు.

ఆకర్షణగా ఉందని క్వాంటంతో మాత్రం మొదలుపెట్టకండి. నేను అలా చేసే రెండు నెలలు పోగొట్టుకున్నాను. శక్తి, ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) అనే మాటలే చేతికి రాలేదు, ఇంక సమీకరణం ఏం అర్థమవుతుంది? ముందు మెకానిక్స్, పక్కనే కాస్త కాలిక్యులస్, అంటే మార్పులను లెక్కగట్టే గణితం.

ప్రశ్న అడిగినవారు:
అయితే వాలు మీద జారే దిమ్మె లెక్కతో మొదలుపెడతాను. ఘర్షణ కూడా లెక్కలోకి తీసుకోవాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
మొదటిసారి వద్దు. రెండోసారి కలిపి చేసి, జవాబు ఎంత మారిందో ఇక్కడ రాయండి.