సీ నింపే స్ట్రక్ట్: ముందే సున్నాలు పెట్టాలా, మేబీఅన్‌ఇనిట్ వాడాలా?

మలక్‌పేట_మాలాక్
శనివారం మాదాపూర్‌లో సగంలో ఆగిన వాదన ఇక్కడ తేల్చుకుందాం. లినక్స్ కెర్నల్‌లో సీ భాషలోని డ్రైవర్ ఫంక్షన్ ఒకటి పాయింటర్ తీసుకుని 24 బైట్ల స్ట్రక్ట్ (కొన్ని ఫీల్డ్‌ల కట్ట) నింపుతుంది. పని అయితే 0, కాకపోతే మైనస్ ఎర్రర్ నంబర్. రస్ట్ భాష నుంచి పిలిచేముందు ఆ మెమరీని జీరోడ్‌తో (అన్ని బైట్లూ సున్నా చేసేది) తుడిస్తే చాలంటాను. 24 బైట్లకు ఖర్చెంత? సీ నింపని ఫీల్డ్‌లో కనీసం గలీజు ఉండదు. మేబీఅన్‌ఇనిట్‌తో (ఇంకా నింపని మెమరీకి రస్ట్ టైపు) అయితే అస్యూమ్_ఇనిట్ (‘ఇది నిండింది’ అని మనమే హామీ ఇవ్వడం), దాని మీదో సేఫ్టీ కామెంట్ (ఎందుకు సురక్షితమో రాయడం)... కిరికిరి.

ఉప్పల్_అన్‌సేఫ్
అన్నా, జీరోడ్ కూడా అన్‌సేఫే (కంపైలర్ పూచీ పడదు, రాసేవాడిదే బాధ్యత). దానికీ కామెంట్ రాయాల్సిందే. పైగా సున్నా అన్ని టైపులకూ చెల్లదు. యూ32కి (32 బిట్ల అంకె) చెల్లుతుంది. రిఫరెన్స్‌కి, నాన్‌నల్‌కి (నల్ కాకూడని పాయింటర్) చెల్లదు; దాన్ని చదవక్కర్లేదు, ఆ విలువ తయారైతేనే యూబీ (అన్‌డిఫైన్డ్ బిహేవియర్, ఏం జరుగుతుందో భాష హామీ ఇవ్వదు).

లిస్ట్_హెడ్ (కెర్నల్ లింక్డ్ లిస్ట్‌కు వాడే రెండు పాయింటర్ల స్ట్రక్ట్) ఇంకా మోసం. సున్నాలు టైపుకు చెల్లుతాయి, పనికి చెల్లవు. ఖాళీ లిస్ట్‌లో నెక్స్ట్, ప్రీవ్ రెండూ తన అడ్రస్‌నే చూపాలి. సున్నాలుంటే లిస్ట్_ఎంప్టీ ‘ఖాళీ కాదు’ అంటుంది; లిస్ట్_యాడ్ నల్ అయిన నెక్స్ట్‌ను పట్టుకుని దాని ప్రీవ్‌లో రాయబోతుంది. 64-బిట్‌లో ప్రీవ్ 8 బైట్ల దూరంలో ఉంటుంది కాబట్టి అడ్రస్ 8 దగ్గర ఊప్స్ (కెర్నల్ క్రాష్ రిపోర్ట్). వెయిట్‌క్యూ (ఏదో జరిగేదాకా ఆగే పనుల వరుస) లోపల ఉన్నదీ ఆ లిస్టే. అలాంటివాటిని ఒపేక్‌లో (లోపలి విలువ గురించి రస్ట్ ఏమీ ఊహించని చుట్టు టైపు) పెట్టి, ఎఫ్ఎఫ్ఐ_ఇనిట్ ద్వారా సీ ఇనిట్ ఫంక్షన్‌నే పిలవాలి. పిన్ (కదలకుండా ఒకేచోట ఉంచడం) తప్పదు: ఇనిట్ అయ్యాక కదిపితే పాయింటర్లు పాత చోటునే చూపిస్తాయి.

మలక్‌పేట_మాలాక్
తమ్మీ, వెయిట్‌క్యూ ఎవరడిగారు? నేనన్నది ఉత్త అంకెలున్న స్ట్రక్ట్.

ఉప్పల్_అన్‌సేఫ్
సరే, అదే చూద్దాం. మేబీఅన్‌ఇనిట్ తీసుకో, యాజ్_మ్యూట్_పీటీఆర్‌తో వచ్చే ముడి పాయింటర్ ఇచ్చి సీని పిలువు, టు_రిజల్ట్‌తో తిరుగు విలువ చూడు, ఆ తర్వాతే అస్యూమ్_ఇనిట్. -22 (చెల్లని ఆర్గ్యుమెంట్ అనే ఎర్రర్) వచ్చిందంటే సీ ఫంక్షన్ మొదటి చెక్‌లోనే వెనుదిరిగి ఉండొచ్చు, ఒక్క బైటూ రాసి ఉండకపోవచ్చు. నీ పద్ధతిలో ఎర్రర్ చూడటం మరిచిపోతే ‘వేగం 0, పోర్ట్ 0’ అని నిజం డేటాలాగే కనబడుతుంది. సీ వైపునా అంతే, ముందే సున్నాలు నింపితే కేఎంశాన్‌కు (నింపని మెమరీ వాడకాన్ని పట్టే కెర్నల్ టూల్) పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంకోటి, బూల్. హార్డ్‌వేర్ నుంచి వచ్చిన బైట్‌లో 2 ఉంటే రస్ట్ బూల్‌గా అది చెల్లదు. నువ్వు సున్నా పెట్టినా సీ దానిమీద 2 రాస్తుంది కదా! యూ8గా తీసుకుని 0 కాదా అని పోల్చాలి.

నాంపల్లి_నల్
ఇద్దరూ ప్యాడింగ్ (ఫీల్డ్‌ల మధ్య అలైన్‌మెంట్ కోసం మిగిలే ఖాళీ బైట్లు) మరిచారు. యూ8, దాని వెనక యూ32: మొత్తం 8 బైట్లు, మధ్యలో 3 ఎవరివీ కావు. మలక్‌పేట అన్న పెట్టిన సున్నాలు అక్కడ నిలుస్తాయన్న గ్యారంటీ లేదు. సీ ఫంక్షన్ లోపల లోకల్ స్ట్రక్ట్ నింపి మొత్తంగా అసైన్ చేస్తే, ఆ లోకల్ ప్యాడింగ్‌లోని చెత్త కూడా రావచ్చు. రస్ట్‌లో స్ట్రక్ట్‌ను మూవ్ చేసినా ప్యాడింగ్ నిలవాలన్న నియమం లేదు. అది యూజర్‌స్పేస్‌కు కాపీ అయితే కెర్నల్ స్టాక్ ముక్క బయటికి పోయినట్టే. ఆ 3 బైట్లకూ పేరు పెట్టి ఫీల్డ్ చేసి సున్నా రాయండి, అప్పుడే యాజ్‌బైట్స్ (‘ఈ టైపును బైట్లుగా చదవొచ్చు’ అనే ట్రెయిట్) ఇంప్లిమెంట్ చేయండి.

ఇనిట్_స్టాక్_ఆల్_జీరో ఉందిగా అనకండి. అది సీ లోకల్స్‌ను సున్నా చేసే కంపైలర్ ఫ్లాగ్ పెట్టే కెర్నల్ ఆప్షన్, రస్ట్ లోకల్స్‌ను ముట్టుకోదు. బూట్‌లో ఇనిట్_ఆన్_అలాక్=1 మాత్రం ఏ భాష అడిగినా కేమాలాక్ (కెర్నల్‌లో మెమరీ కేటాయించే ఫంక్షన్) మెమరీని తుడిచే ఇస్తుంది.

మలక్‌పేట_మాలాక్
ప్యాడింగ్ మాట ఒప్పుకుంటా. 4096 బైట్ల రీడ్ బఫర్‌ను ప్రతిసారీ తుడవడం దండగ, అదీ ఒప్పుకుంటా: మేబీఅన్‌ఇనిట్ బైట్ల స్లైస్ ఇచ్చి, సీ 64 బైట్లు రాశానంటే ముందు 64 మాత్రమే చదవాలి. కానీ చిన్న స్ట్రక్ట్‌కు నా ఓటు సున్నాలకే. అన్‌సేఫ్ జీరోడ్ బదులు జీరోయబుల్ (‘సున్నా ఈ టైపుకు చెల్లుతుంది’ అనే ట్రెయిట్) డిరైవ్ చేస్తా, అంటే కంపైలర్‌తోనే రాయిస్తా. సున్నా చెల్లని ఫీల్డ్ ఉంటే కంపైలరే ఆపుతుంది, నా కామెంట్‌ను ఎవరూ నమ్మక్కర్లేదు.

ఉప్పల్_అన్‌సేఫ్
రిఫరెన్స్ ఉంటే ఆపుతుంది. ముడి పాయింటర్‌కు సున్నా చెల్లుతుంది కాబట్టి లిస్ట్_హెడ్ లాంటి రెండు పాయింటర్ల స్ట్రక్ట్‌ను మాత్రం నవ్వుతూ పంపిస్తుంది. అడ్రస్ 8 మళ్లీ మొదటికొచ్చింది అన్నా.