అప్‌డేట్: చెల్లెలి బీఎడ్ స్కాలర్‌షిప్ సంగతి

బీఎస్సీ మ్యాథ్స్ చేసిన మా చెల్లెలికి హనుమకొండలో బీఎడ్ చదవడానికి స్కాలర్‌షిప్ వస్తుందా అని అడిగాను కదా, తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో అప్లికేషన్ పెట్టేశాం. బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి, కౌన్సెలింగ్‌లో తెచ్చుకున్న కన్వీనర్ కోటా సీటు కావడం కలిసొచ్చింది. మేనేజ్‌మెంట్ కోటా అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆశ వదులుకోవాల్సిందే. మేం బీసీలం, ఉండేది పల్లెలో, కాబట్టి ఇంటి ఆదాయం ఏడాదికి 1.5 లక్షలు దాటకూడదు. పట్నం వాళ్లకు 2 లక్షలు.

చిక్కంతా ఈ అప్లికేషన్ కోసం మీసేవలో వేయాల్సిన వేలిముద్రల దగ్గరే. సెలవుల్లో పత్తి ఏరిన చేతులాయె, మిషన్ ఎంతకీ తీసుకోదు! బొటనవేలు వదిలేసి, తడిగుడ్డతో తుడిచి మధ్యవేలు పెడితే పట్టింది.

డబ్బులు ఇంకా పడలేదు, ప్రభుత్వం పెట్టిన స్కాలర్‌షిప్ బకాయిల సంగతి తెలిసిందేగా. ఈలోగా ఫీజు కట్టమని కాలేజీ వాళ్లు అడుగుతున్నారు, ఆ టెన్షన్ నాన్నది. చెల్లెలికి మాత్రం స్కాలర్‌షిప్ ఆగకుండా ఉండాలంటే హాజరు 75 శాతం కన్నా తగ్గకూడదన్నదే గుబులు. జవాబులిచ్చిన అన్నలకు, అక్కలకు థాంక్స్.