జొవాంథిడ్ పగడాలు గోధుమ రంగుకు తిరిగాయి, రంగుల మందులు కొనమంటారా?

అనంతపురం_అల:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం. ఇంట్లో మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు ఉంది, రాళ్లూ ఇసుకా పోగా 160 లీటర్ల నీళ్లు పడతాయి. రెండు గుత్తుల జొవాంథిడ్లు (పూలలా విచ్చుకునే మెత్తటి పగడాలు), నాలుగు ఎర్ర మష్రూము పగడాలు, ఒక లెదర్ కోరల్ (తోలులాంటి మెత్తటి పగడం), జంట క్లౌన్ చేపలు ఉన్నాయి. తెచ్చినప్పుడు జొవాల అంచు నారింజ, నడుమ ఆకుపచ్చ. ఇప్పుడన్నీ టీ డికాక్షన్ రంగే. చావలేదు, పొద్దున్నే చక్కగా విచ్చుకుంటున్నాయి, పక్కన కొత్త పిలకలు కూడా వేస్తున్నాయి. రంగు ఒక్కటే లేదు. అమ్మిన దుకాణదారును అడిగితే అయోడిన్, పొటాషియం, ఐరన్ అని మూడు సీసాల పేర్లు చెప్పాడు. మూడూ కలిపితే చేపల కన్నా ఖరీదు. కొనమంటారా?

పెన్నాగట్టు_కడప:
సీసాల సంగతి తర్వాత చూద్దాం. నైట్రేట్ ఎంత, ఫాస్ఫేట్ ఎంత, ఆల్కలినిటీ (నీటి క్షారత) ఎంత? నీళ్లు ఎక్కడివి? లైటు ఏది? మధ్యాహ్నం వేడి ఎంత? ఇవి లేకుండా ఎవరు సలహా ఇచ్చినా అది సోది చెప్పినట్టే.

అనంతపురం_అల:
నైట్రేట్ 40, ఫాస్ఫేట్ 0.25, ఆల్కలినిటీ 8.5. ఉప్పు సాంద్రత 1.026. బోరు నీళ్లే, వంటింటి ఆర్వో నుంచి పట్టి ఉప్పు కలుపుతాను. ఆర్వో నీటి టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 60 చూపిస్తోంది. లైటు మామూలు తెల్ల ఎల్‌ఈడీ పట్టీ, దానితో పాటు ఒక నీలి పట్టీ. మధ్యాహ్నం నీళ్లు 30.5 డిగ్రీలకు చేరుతున్నాయి. స్టాండు మీద కడప బండ వేయించాను, బరువు బెంగ లేదు.

కర్నూలు_ఉప్పునీళ్లు:
ఉద్యోగమంతా నీటి పరీక్షల ల్యాబులో గడిచిన వాడిని, అంకెలు చూస్తే ఊరుకోలేను. కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

సీసాలు కొనకండి. మీ పగడాలు పస్తుండి రంగు పోగొట్టుకోలేదు, మితిమీరిన తిండితో పోగొట్టుకున్నాయి. వాటి కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు (కంటికి కనిపించని నాచు లాంటివి) కాపురం ఉంటాయి. వాటి సహజమైన రంగే గోధుమ. నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ దండిగా ఉండి, వెలుతురు చాలకపోతే ఆ శైవలాలు తెగ పెరిగి పగడం సొంత రంగును కప్పేస్తాయి. నారింజ, ఆకుపచ్చ, ఎరుపు మాత్రం పగడం తానే తయారు చేసుకునే ప్రొటీన్లు. అవి ఉన్నాయో లేదో ఈ రాత్రే తేల్చుకోవచ్చు. గదిలో దీపాలన్నీ ఆర్పి, నీలి టార్చి ఒకటి సంపాదించి గాజు మీద నుంచి ఏటవాలుగా వేసి చూడండి.

ఇంకో ముచ్చట. మీ ఎర్ర మష్రూము డిస్కోసోమా అయితే దానికి పెద్ద చరిత్రే ఉంది. ఎర్రగా వెలిగే ప్రొటీన్‌ను 1999లో ఆ ప్రజాతిలోనే గుర్తించారు. బతికున్న కణాల లోపల ఏం జరుగుతుందో చూడటానికి ఇప్పుడు ప్రపంచమంతా ల్యాబుల్లో దాన్ని వాడుతున్నారు. అంతకుముందు జెల్లీఫిష్‌లో దొరికిన ఆకుపచ్చ ప్రొటీన్ మీద పనిచేసిన ముగ్గురికి 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఇక నీళ్లు. అసలు తగువు ఇక్కడే ఉంది. వంటింటి ఆర్వో మనుషుల కోసం చేసింది. చాలావాటిలో రుచి కోసం కొంత పచ్చి నీటిని తిరిగి కలిపే చిన్న మర ఉంటుంది. మీ 60 టీడీఎస్‌లో సగం అక్కడి నుంచే వస్తూ ఉండవచ్చు. పైగా మనది గ్రానైటు నేల, బోరు నీళ్లలో సిలికా ఉంటుంది. పొలాల పక్క బోరైతే నైట్రేట్ కూడా. ఫ్లోరైడ్ సంగతి మీ జిల్లా వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆ మర పూర్తిగా బిగించండి, లేదా పొర దాటిన నీటిని నేరుగా పట్టుకోండి. దాని తర్వాత డీఐ రెసిన్ గొట్టం (మిగిలిన లవణాలను పట్టేసేది) ఒకటి తగిలించండి. మీటరు సున్నా చూపించాలి. రంగు మారే రెసిన్ తెచ్చుకుంటే ఎప్పుడు అయిపోయిందో కంటికే తెలుస్తుంది.

నైట్రేట్ 5 నుంచి 10 మధ్యకు, ఫాస్ఫేట్ 0.1 కన్నా తక్కువకు రావాలి. కానీ ఒక్క వారంలో దించేయకండి. వారానికి 15 శాతం నీళ్లు మార్చండి. గడ్డకట్టిన మేతను కరిగించాక ఆ నీళ్లు పారబోసి, ముక్కలు మాత్రమే వేయండి. ఆ రసంలోనూ కొంత ఫాస్ఫేట్ ఉంటుంది. ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ గుళికలు వేయదలిస్తే, డబ్బా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. ఒక్కసారిగా ఫాస్ఫేట్ పడిపోతే పగడాలు ముడుచుకుపోతాయి, అప్పుడు గోధుమ రంగే నయమనిపిస్తుంది.

ఆ మూడు సీసాల్లో ఉన్నవన్నీ ట్యాంకుల కోసం అమ్మే మంచి సముద్రపు ఉప్పు మిశ్రమంలో ఎలాగూ ఉంటాయి, నీళ్లు మార్చిన ప్రతిసారీ అందుతాయి. కొలవలేని దాన్ని పోయకూడదనేది నా పద్ధతి.

పెన్నాగట్టు_కడప:
లైటు గురించి నేను చెబుతాను. 450 నానోమీటర్ల దగ్గరి ముదురు నీలం ఎక్కువగా ఉండే దీపం కావాలి. ప్రొటీన్లు చాలావరకు వెలిగేది ఆ కాంతికే. కొత్త దీపం తెచ్చిన రోజే పూర్తి జోరుతో వేయకండి, సగానికి తక్కువలో మొదలుపెట్టి వారానికి కొంచెం పెంచండి. జొవాలు మెడలు సాచి పైకి లేస్తుంటే వెలుతురు చాలడం లేదని, మష్రూములు చిన్నబోయి రాతికి అంటుకుపోతుంటే ఎక్కువైందని అర్థం. మష్రూములను అడుగున, నీడ పట్టున ఉంచండి. ఇంటర్నెట్‌లో కనిపించే ఫోటోలు చూసి దిగులు పడకండి. చాలావరకు నీలి కాంతిలో, కెమెరాకు నారింజ అద్దం తగిలించి తీసినవే. ఆ రంగులు తెల్ల కాంతిలో ఎవరి ఇంట్లోనూ కనిపించవు.

30.5 డిగ్రీలు మాత్రం ప్రమాదం. నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రం అక్కర్లేదు. మూత తీసి వల పరిచి, నీటి మీదుగా చిన్న ఫ్యాను పెట్టండి. మన దగ్గర గాలి పొడి కాబట్టి రెండు మూడు డిగ్రీలు సులువుగా దిగుతుంది, విశాఖ వాళ్లకు ఈ అదృష్టం లేదు. అయితే నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. 160 లీటర్లలో 5 లీటర్లు పోతే ఉప్పు వెయ్యికి 35 పాళ్ల నుంచి 36 దాటుతుంది. కాబట్టి తరిగినంతా రోజూ మంచినీళ్లతోనే నింపాలి, ఉప్పునీళ్లతో కాదు. మేలో కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు చేతికందేలా ఉండాలి.

హంద్రీ_ఒడ్డు:
నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చేస్తేనే రంగు బాగా వస్తుందని విన్నానే? మా ట్యాంకులో సున్నా చూపిస్తోంది, కానీ జొవాలు పాలిపోతున్నాయి.

కర్నూలు_ఉప్పునీళ్లు:
మీరు విన్నదానికి మీ జొవాలే జవాబు చెబుతున్నాయి కదా. లోపలి శైవలాలకు ఆ రెండూ ఆహారం. పూర్తిగా లేకపోతే అవి తగ్గిపోతాయి, పగడం పాలిపోతుంది. రెండూ సున్నా అయిన ట్యాంకుల్లో డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు గోధుమ జిగురులా పరుచుకునే బెడద కూడా ఉంది. చేపలకు కాస్త ఎక్కువ మేత వేయండి, నురుగుతో మురికిని లాగే స్కిమ్మర్‌ను తగ్గించండి.

అనంతపురం_అల:
సార్, రాత్రి నీలి టార్చి వేసి చూశాం. డికాక్షన్ రంగులో ఉన్న జొవాల నోటి చుట్టూ సన్నటి ఆకుపచ్చ వలయం భగ్గుమంది! అంచు మీసాల్లో కొన్ని ఇంకా నారింజగానే ఉన్నాయి. మా అమ్మాయి టార్చి వదలడం లేదు. ఫ్యాను పెట్టాక వేడి 27.5కు దిగింది. ఆర్వో మర బిగిస్తే టీడీఎస్ 28కి వచ్చింది, రెసిన్‌కు చెప్పి పంపాను.

ఇంకో మాట. తమిళనాడు తీరం నుంచి అక్రోపోరా అనే పగడం ముక్కలు తెచ్చిపెడతానని ఒకాయన అంటున్నాడు. నా నీళ్లలో బతుకుతుందా?

పెన్నాగట్టు_కడప:
బతకడం అటుంచండి, ముట్టుకోకండి. అక్రోపోరాతో సహా రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సీ ఫ్యాన్లు, నల్ల పగడం కూడా అంతే. మన సముద్రం నుంచి ముక్క విరిచినా, దాన్ని కొన్నా నేరమే. అక్కడి మన్నార్ సింధుశాఖ దీవుల చుట్టూ 1986 నుంచి జాతీయ సముద్ర ఉద్యానవనమే ఉంది. జొవాంథిడ్లు, మష్రూములు రాతి పగడాల కుదురులోవి కావు, మీ ఇంట్లో ఉన్నవాటికి ఈ చిక్కు లేదు. అయినా ఏది కొన్నా బిల్లు తీసుకోండి.

అనంతపురం_అల:
ఆయనకు వద్దని చెప్పేస్తాను. ఈ ఆదివారం జొవాల రాయిని పై వరుసకు మారుస్తున్నాను. దాని వెనక నాచు పట్టింది, ఆ వైపు కాస్త మరిగే నీళ్లు పోసి రుద్దవచ్చా?

కర్నూలు_ఉప్పునీళ్లు:
వద్దు, వద్దు! జొవాల్లో, వాటి దాయాది పాలిథోవాల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. 1971లో పాలిథోవా నుంచే దాన్ని వేరు చేశారు, పేరూ అలాగే వచ్చింది. వేడినీళ్లు పోస్తే ఆవిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలా ఇల్లిల్లంతా ఆసుపత్రి పాలైన కుటుంబాలు ఉన్నాయి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ట్యాంకు నుంచి తీసిన ఉప్పునీళ్ల బకెట్‌లోనే రాయిని ముంచి, పాత పళ్ల బ్రష్షుతో నాచు ఉన్నచోట మాత్రమే మెల్లగా రుద్దండి. జొవాల మీద బ్రష్షు పడనివ్వకండి. ఆ నీళ్లు వంటింటి సింకులో పోయకండి. టార్చి పట్టుకుని అమ్మాయి పక్కనే నిలబడుతుందేమో, ఆ గంటసేపు మాత్రం గదిలోకి రానివ్వకండి.