సమస్య: పంచిపెట్ట నిండెఁ బాత్ర మరల

నిర్వాహకుడు: దేవుని కడప గుడిలో ప్రసాదం వరుసలో తట్టిన పాదం. ఇదే చివరి పాదంగా, దైవప్రేమ విషయంగా ఆటవెలదిలో పూరించండి. గిన్నెలూ గరిటెలూ వచ్చినా సరే, భక్తి ఉండాలి.

సీమమిరప:
అతిథు లరుగుదేర నక్షయపాత్రతో
కానలోనఁ గృష్ణ కడుపు నింపె
దినకరుండు దయను దీవించి యిచ్చెను
పంచిపెట్ట నిండెఁ బాత్ర మరల

గండికోట: పాదం చూడగానే అక్షయపాత్ర వస్తుందనుకున్నా, వచ్చేసింది. అన్నా, నువ్వు కృష్ణ అన్న ద్రౌపది తిన్నాక ఆ రోజుకు అది ఖాళీ. పంచినందుకు నిండలేదు, సూర్యుడి వరం వల్ల నిండింది.

సీమమిరప: మర్నాడు నిండితే అది మరల కాదా సామీ?

పుష్పగిరి:
వెంకటేశుఁ బాడి వేలకీర్తనలుగా
మనసు నిండు ప్రేమ జనుల కిచ్చె
తాళ్లపాక వాని తనివి తీరని గుండె
పంచిపెట్ట నిండెఁ బాత్ర మరల

నిర్వాహకుడు: "తనివి తీరని" దగ్గరే ఆగిపోయానక్కా. గుండెను పాత్ర చేయడం ఎవరైనా చేస్తారు. పంచాక వెలితి పడాల్సిన చోట ఆకలి పుట్టిందనడం కొత్త. అన్నమయ్య కొడుకు పెద తిరుమలాచార్యుడు, మనవడు చిన తిరుమలాచార్యుడు కూడా పదాలు కట్టారంటే ఆ ఆకలి ఇంటిల్లిపాదికీ అంటినట్టే.

గండికోట: "నిండు ప్రేమ"లో ప్రే అనే సంయుక్తాక్షరం ముందున్న డు గురువు కాదా, గణం తప్పదా అని ఎవరూ అడగరేం?

సీమమిరప: వేరే వేరే పదాలు, తేల్చి పలుకుతాం, లఘువే. తమరు పోయిన వారం కందంలో ప్రాస ఎగరగొట్టింది మేం మరచిపోలేదు.

గండికోట: అది వదిలెయ్. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమలలో వందల ఏళ్లు అరలో మూతబడి ఉన్నాయి. 32 వేల కీర్తనలంటారు, చేతికందింది అందులో సగమూ లేదు. అన్నాళ్లూ పంచిందెవరు?

పుష్పగిరి: రేకులు అరలో ఉన్నాయి తమ్ముడూ, పాట మొత్తం అరలో లేదు.

పెన్నాతీరం:
కడపదేవు గుడికిఁ గలసి యుగాదికి
ముస్లిములును వచ్చి మ్రొక్కునపుడు
బీబి నాంచి వలపు కడపలోఁ గురియంగ
పంచిపెట్ట నిండెఁ బాత్ర మరల

గండికోట: భావం బంగారం. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, స్వామి మా అల్లుడు అంటూ ఉగాదికి ముస్లిం కుటుంబాలు రావడం మన ఊళ్లో అందరూ చూసేదే. కానీ మూడో పాదంలో యతి ఏదబ్బా? మొదటి అక్షరం బీకీ, నాలుగో గణం మొదటి కకూ ఎట్ల కుదురుతుంది? పైగా కడప రెండుసార్లు. "వెన్నెలై కురియంగ" అంటే పోయేది.

పెన్నాతీరం: యతి లెక్కబెట్టేవాళ్లకు నాంచారమ్మ కనపడదులే.

నిర్వాహకుడు: వెన్నెల బాగుంది, ఉంచేయండి. గండికోట గారూ, అందరివీ దిద్దారు. మీ పూరణ ఏది?

గండికోట: రేపు పెడతా. ద్రౌపది మాత్రం ఉండదు.

సీమమిరప: ఆటవెలదికి ప్రాస అక్కర్లేదు సామీ, ధైర్యంగా పెట్టు.